సమ్మయ్యన్న అడిగిన పన్నెండు వరుసలు

నిన్న పొద్దంతా ముసురు. వాకిట్లో మిగిలిన మక్కజొన్నల మీద టార్పాలిన్ పట్టా సర్దుతున్నాను.

ఫోన్ మోగింది. మార్కెట్ హమాలీ వెంకన్న.

"అన్నా, గోదాముల బస్తాల నెట్టు కూలింది. సమ్మన్న కిందున్నడు."

నేను దవాఖానకు పోయేసరికి సమ్మయ్యన్న ఇక లేడు.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. మొన్న సోమవారం టీ కొట్టు దగ్గర నా గ్లాసు లాక్కుని తాగిన మనిషి.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. సమ్మయ్యన్నది ఘనపూర్ వైపు. ఇరవై ఏళ్లుగా మా మార్కెట్‌లో హమాలీ. మా నాయిన ఉన్నప్పటి నుంచి మా బస్తాలు మోసింది ఆయనే.

పోయిన నెల హమాలీల స్ట్రైక్ అందరికీ గుర్తుంది. ఎందుకు చేశారో ఎంతమందికి గుర్తుంది?

కూలి పెంచమన్నారు. అది ఒకటి.

రెండోది, గోదాముల్లో బస్తాలు పేర్చే నెట్టు పన్నెండు వరుసలు దాటొద్దన్నారు. వ్యాపారులు పైరేకులకు తగిలేదాకా పెట్టిస్తారు.

ఐదో రోజు వాన పట్టింది. మా మక్కలు యార్డులో నేల మీద రాశి పోసి ఉన్నాయి. కొనేవాడు లేడు, ఎత్తేవాడు లేడు. నేరుగా స్ట్రైక్ టెంట్‌లోకి పోయి సమ్మయ్యన్న కాలర్ పట్టుకున్నాను.

"మీ స్ట్రైకుల మన్నువడ! మక్కలు మొలకలొస్తే ఎవడు కొంటడే?"

"జర అంగి ఇడువు తమ్మీ. మంచిగున్నది గిదొక్కటే," అన్నాడు.

తర్వాత తన వాళ్ల వైపు తిరిగి కేకేశాడు. "లేవుండ్రి. పట్టాలు కప్పుదాం."

"సమ్మెల ఉన్నం గదనే?" అన్నాడు వెంకన్న.

"బస్తా లేపితే సమ్మె ఇరుగుతది. పట్టా కప్పుడు హమాలి పనే కాదు. దానికి రేటు యాడుందిరా?"

అందరూ లేచారు. పట్టాలు చాలకపోతే టెంట్ మీది కవర్ విప్పి తెచ్చి నా రాశి మీద కప్పారు. వాళ్లు వానలో కూర్చున్నారు.

వ్యాపారులు షాపుల్లో అద్దాల తలుపుల వెనక నుంచి చూస్తున్నారు. వాళ్ల కాలర్ నేను పట్టుకోలేదు.

వాన తగ్గాక సమ్మయ్యన్న రాశి అడుగుకు చెయ్యి పెట్టి చూశాడు. తడిసింది.

"తడి మక్కలు కింది వరుసల పడితే నెట్టు కూసుంటది తమ్మీ. గందుకే పన్నెండు అంటున్నం. చెప్తే ఇనరు."

వినలేదు. ఆ రోజే మన ఈ రైతుల గ్రూప్‌లో నేను రాశాను: "మోసుడే మీ పని. ఎత్తు ఎంతుంటే మీకేంది?"

ఎన్ని లైకులో! ఒకరు కొవ్వెక్కిందన్నారు. ఒకరు రైతుల ఉసురు తగులుతుందన్నారు. ఆ మెసేజ్ డిలీట్ చేయలేదు. పైకి జరిపి చూసుకోండి.

మా నష్టం అబద్ధం కాదు. మక్కలు అమ్ముడుపోతేనే యాసంగి పంటకు విత్తనం. ఆ కోపంతోనే ట్రాక్టర్లు రోడ్డుకు అడ్డం పెట్టాం. హమాలీల మీద.

తొమ్మిదో రోజు వ్యాపారులు కూలి కొంచెం పెంచారు. నెట్టు సంగతి తర్వాత చూద్దామన్నారు.

"ఒప్పుకున్నరేందే?" అని సమ్మయ్యన్నను అడిగాను.

"మీరే రోడ్డెక్కినంక మేం యాడ నిలవడుతం?"

నిన్న కూలిన నెట్టు ఇరవై రెండు వరుసలు. వెంకన్న లెక్కపెట్టి చెప్పాడు. అడుగున ఎవరి మక్కలున్నాయో నాకు తెలియదు. నావి కూడా అదే వ్యాపారి కొన్నాడు.

రాత్రి నుంచి గ్రూప్ నిండా దండాల స్టిక్కర్లు. స్ట్రైక్ టెంట్ తగలబెట్టమన్నవాడు ఈ రోజు 'మంచి మనిషి' అని స్టేటస్ పెట్టాడు. తీసెయ్యి. సిగ్గుండాలి. నాకూ ఉండాలి.

ఇప్పుడు మళ్లీ చర్చ మొదలుపెట్టారు, తప్పు ఎవరిదని. ముందు పన్నెండు వరుసలు దాటొద్దని వ్యాపారులతో రాయించండి. ఈసారి ట్రాక్టర్లు గోదాముల ముందు పెడదాం. నా బండి మొదట ఉంటుంది.

సమ్మన్నా, ఇక బరువు దించుకో. కాళ్లు చాపి నిమ్మళంగా పండుకో.

ఈ పొద్దున ఏడుంబావుకు దవాఖాన నుంచి సమ్మయ్యన్నను తీసుకుని బండి ఘనపూర్‌కు పోయింది. ఆయన భార్య సరోజన వదిన, ఇద్దరు బిడ్డలు, వెంకన్న, ఇంకో ముగ్గురు హమాలీలు ఎక్కారు. రైతులం ఎవరం ఎక్కలేదు.