బ్రిడ్జ్ మోడ్‌లో మోగిన ఫోను

బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా ఇదే చెబుతాను. కల కాదు. జ్వరం లేదు. ఆ రాత్రి కాఫీ తాగి, కళ్ళు బాగా తెరుచుకుని, పని చేసుకుంటూ కూర్చున్నాను. మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు. నవ్వనీ. ఆ రాత్రి ఇంట్లో ఉన్నది ఆయన కాదు కదా... నేనూ, మా మామ, అంటే ఆయన నాన్న.

మాది కేజీఎఫ్‌లో కోరమండల్. బంగారు గని, అదే మైను వాళ్ళ పాత క్వార్టర్సు. మైను మూసేదాకా మా మామ షాఫ్టు పైన, అంటే గనిలోకి దిగే బావి పైన, బెల్లు మనిషి. కార్మికుల్ని కిందికి దించే ఇనప బోను, కేజి, ఆ బెల్లు మీదే కదిలేది. కింది నుంచి మూడుసార్లు మోగితే, మనుషులు ఎక్కారని. పైనున్నవాడు తిరిగి మూడు కొట్టాలి. కొట్టేదాకా వాళ్ళు ఆ చీకట్లో కదలకుండా నిలబడాలి. ఆ తర్వాత కింది నుంచి ఒక్కటి వస్తే, పైకి లాగమని. అన్నం తింటూ కూడా మామ ఇదే చెబుతాడు. మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చేసింది.

షాఫ్టులోంచి ఎగిసే రాతి దుమ్ముకే ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. చలిగాలి తగిలితే చాలు, ఆయాసం. "రాత్రిపూట బయటికి పోనివ్వొద్దు, ఇంకోసారి ఆయాసం ముదిరితే మనిషి దక్కడు" అని డాక్టరు నాతోనే చెప్పాడు. మా ఆయనకేమో వేమగల్ ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు. ఇక కాపలా ఎవరు? నేనే.

అసలు గొడవ నా రూటరుతో మొదలైంది. డాక్టర్లు చెప్పింది విని టైపు చేసే పని నాది, ఇంటి నుంచే. బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ ఇచ్చిన మోడెం ముందు గదిలో ఉంది. దాని వైఫై వెనక గదికి రాదు. విసుగొచ్చి సొంతంగా ఒక రూటరు కొన్నాను. రెండూ కలిపితే తోడికోడళ్ళలా తగువు. నెట్ వస్తుంది, పోతుంది. చివరికి లైను చూసే మునిరాజును పిలిచాను.

"అక్కా, కంపెనీ మోడెంని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టేస్తా. ఇంగ అది ఊరికే లైను దాటించి మీ రూటరుకు ఇస్తాది, అంతే. కానీ ఫోను పని చెయ్యదు."

"ఏమిటికప్పా?"

"ఈ ఫోను నడిచేది ఇంటర్నెట్ మీద. నంబరు నడిపేది ఈ మోడెమే. బ్రిడ్జ్‌లో పెడితే ఆ పని మానేస్తాది. వైరు తగిలించి ఉండినా టోను రాదు, మోగదు."

ఆ ఫోను మామది. మొబైలు ఆయన చేతికి అలవాటు కాలేదు. అడిగాను.

"నాకింగ ఎవురు చేస్తారమ్మా? నా జతగాళ్ళు ఎవురు మిగిలినారు? నీ పని జరగనీ," అన్నాడు. "కానీ ఫోను తీసెయ్యొద్దు. ఆడే ఉండనీ."

మునిరాజు వెళ్ళాక రిసీవరు ఎత్తి చూశాను. చప్పుడు లేదు. గుర్రుమనే శబ్దం కూడా లేదు. చచ్చిన ఫోను.

ఇంక ఆ రాత్రి...

బయట, బంగారం తీసేశాక మైను వాళ్ళు పోసిన సైనైడ్ మట్టి దిబ్బల మీది నుంచి గాలి వీస్తోంది. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని టైపు చేస్తున్నాను. ఏదో మోగింది. ఆడియోలో అనుకున్నాను. ఆపాను. హెడ్‌ఫోన్ తీశాను. నిశ్శబ్దం... మళ్ళీ.

ట్రిం. ట్రిం. ట్రిం.

ఫోను మోగినట్టు సాగదీసి కాదు. పొట్టిగా, ఎవరో కొట్టి వదిలినట్టు. మూడు. ఆగింది. కాసేపటికి... మళ్ళీ మూడు.

ముందు గదిలోకి పరుగెత్తాను. మామ అప్పటికే లేచి ఉన్నాడు. పాత కోటు తొడిగాడు. మఫ్లరు చుట్టాడు. చేతిలో టార్చి. తలుపు గడియ తీస్తున్నాడు.

"మామా! యాడికి?"

"ఇనపడలేదా? మనుషులు ఎక్కినారు. జవాబు కొట్టాల."

"మైను మూసేసినారు కదా మామా! కింద అంతా నీళ్ళు. ఎవురుంటారు?"

"కొట్టినోడు ఉంటాడు కదమ్మా."

తలుపు తెరుచుకుంది. చలి లోపలికి కొట్టింది. ఆయనకు దగ్గు పట్టుకుంది. గుండె బద్దలయ్యే దగ్గు. అడ్డంగా నిలబడ్డాను. ఎప్పుడూ నన్ను పల్లెత్తు మాట అనని మనిషి, నన్ను పక్కకి తోశాడు! నిజం చెబుతున్నాను, అప్పుడు నా భయం ఫోను గురించి కాదు. ఈయన ఈ గాలిలో షాఫ్టు దాకా నడిస్తే తెల్లారేసరికి ఉండడు. అదే భయం. చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లాణ్ణి మాయ చేసినట్టు, నోటికొచ్చింది అనేశాను.

"మామా, బెల్లు ఫోన్లో కదా వచ్చింది? జవాబు కూడా దాంట్లోనే కొట్టండి."

ఆగాడు. ఆలోచించాడు. తలుపు నేనే మూశాను.

ఆయన రిసీవరు ఎత్తాడు. నేనూ చెవి ఆనించాను. ఏమీ లేదు. రిసీవరు పెట్టే చోట ఉన్న మీటను ఆయన వేలితో నొక్కాడు. టక్... టక్... టక్. పెట్టేశాడు.

గాలి కూడా ఆగినట్టనిపించింది. నా అరచెయ్యి ఫోను మీదే ఉంది. 'చూశారా, ఏమీ లేదు' అనబోయాను...

ట్రిం.

ఒక్కటే.

ప్లాస్టిక్కు నా చేతికింద వణికింది. అది నేను విన్నది కాదు, ముట్టుకున్నది.

మామ నిటారుగా నిలబడ్డాడు. "పైకి వస్తాండారు," అన్నాడు. కోటు విప్పి, కుర్చీలో కూర్చున్నాడు. ఆయాసం తగ్గింది. కాసేపటికి నిద్ర కూడా పోయాడు. నేను మాత్రం గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. నేల సన్నగా అదిరినట్టనిపించింది. కింద పాత సొరంగాలు కూలి మా ఊళ్ళో నేల అదరడం కొత్త కాదనుకోండి. తెల్లారి బెంగళూరు రైలు కూత వినపడేదాకా కదల్లేదు.

పొద్దున మునిరాజు వచ్చి అన్నీ చూశాడు.

"దీనికి మోగే దారే లేదక్కా. కరెంటు ఎక్కువతక్కువైతే ఒక తూరి కిణుక్కుమన్నా అనొచ్చు."

"మూడుసార్లా? జవాబు కొట్టినాక ఒకసారా?"

"మోడెమే మార్చేస్తా. కొంచేపు ఆఫ్ చేస్తే చాలు." స్విచ్చి మీదికి చెయ్యి పోనిచ్చాడు.

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. ఎందుకో నాకే తెలియదు. కుర్చీలోంచి మామ అన్నాడు, "ఆపొద్దప్పా. మనుషులు నడిమధ్యలో ఉండారు."

మునిరాజు నవ్వాడు. నా ముఖం చూసి మానేశాడు. సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆ ఫోను మోగలేదు. మామ రాత్రిళ్ళు తలుపు జోలికి పోవడం లేదు. నాకు కావలసింది అదే కదా, సంతోషించాలి. కానీ నిద్ర పట్టదు. కరెంటు పోయినా మోడెం ఆగకుండా బ్యాటరీ పెట్టించాను. మా ఆయన తిట్టాడు. తిట్టనీ.

"ఇంగా రాలేదా అమ్మా?" అని మామ రోజూ అడుగుతాడు. "లోతు కదా మామా, వస్తారు" అంటాను. మొదట్లో ఆయన మనసు కోసం అనేదాన్ని...

ఎవరో, ఎంతమందో తెలియదు. కానీ జవాబు వెళ్ళింది షాఫ్టు నుంచి కాదు, మా ఇంటి నుంచి. పైకి వచ్చాక వాళ్ళు ఎక్కడ దిగుతారు?