ముళ్లకాయల కోటు

మా నాన్నని, ఆయన రెండేళ్లుగా మొహం చూడని మనిషికి, నిండు సభలో నేనే అంటించేశాను. జిగురుతో కాదు, నా చదువుతో. నవ్వుకోండి, ఫర్వాలేదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ మొత్తం అప్పుడే నవ్వేసింది, మీరే ఆలస్యం.

అప్పుడు నేను ఊరి పక్కనే కోని యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బాటనీ చదువుతున్నాను. ప్రకృతి తన రహస్యాలన్నీ నా చెవిలోనే చెబుతోందనుకునే వయసు. ఒకరోజు గతౌరాలో స్నేహితురాలి ఇంటికి వెళ్లి, స్టేషన్ పక్క పొదల్లోంచి అడ్డదారిన వస్తే చున్నీ నిండా ముళ్లకాయలు అంటుకున్నాయి. బుద్ధున్న మనిషైతే తిట్టుకుంటూ పీకి పారేస్తుంది. నేను ఇంటికి తెచ్చి భూతద్దం కింద పెట్టాను. ఆహా! ప్రతి ముల్లు కొసా గేలంలా వంపు తిరిగి ఉంది. ఏ మేక బొచ్చునో పట్టుకుని, టిక్కెట్టు లేకుండా ఊళ్లు దాటి, దిగినచోట మొలకెత్తడం ఆ కాయ ఎత్తు. బడిపిల్లల బూట్లకి చర్రుమని ఊడే పట్టీ ఉంటుందే, దానికి ఆలోచన ఇచ్చింది ఇలాంటి కాయే.

"అమ్మా, ఎంత తెలివైన కాయో చూడు!" అన్నాను.

"మంచం మీద ఎట్టకు, గుచ్చుకుంటాది," అంది అమ్మ.

ఇంతలో కాలనీ తెలుగువాళ్ల ఉగాది నాటకం దగ్గరపడింది. విడిపోయిన ఇద్దరు అన్నదమ్ములు, రాజులు, చివర్లో కలుసుకునే కథ. రాసిందీ ఆడించేదీ రిటైరైన సూర్యారావు మాస్టారు. అన్న వేషం మా నాన్న అప్పలనాయుడిది. ఆయన గూడ్సు బండి డ్రైవరు. తమ్ముడి వేషం పక్క క్వార్టర్‌లో ఉండే గార్డు సింహాచలం మామది. ఒకప్పుడు ఇద్దరిదీ విడదీయలేని స్నేహం. రెండేళ్ల కిందట నాన్న టీ తాగుతూ కూర్చోబట్టి బండి నాలుగు నిమిషాలు లేటైందని మామ, గార్డులు బండి రాకపోకలు రాసే జర్నల్లో రాసేశాడు. సంజాయిషీ అడుగుతూ నాన్నకి కాగితం వచ్చింది. ఆ రోజు నుంచి మాటల్లేవు.

వాళ్లని కలపాలనే మాస్టారు ఆ వేషాలిచ్చారు. కానీ రిహార్సల్లో కౌగిలి ఘట్టం రాగానే ఇద్దరూ బారెడు దూరంలో నిలబడి గాలిని కౌగిలించుకునేవారు.

"ఇదేటయ్యా నాయుడూ?" అని మాస్టారు తల పట్టుకుంటే, "ఆ రోజు సూద్దాం లెండి," అనేవారు నాన్న.

దుస్తుల బాధ్యత నాది. కిందటేడు 'నా పరాక్రమం ఎరుగవా' అంటుండగానే పిన్ను ఊడి, నాన్న శాలువా జారి కాళ్ల మీద పడింది. ఈసారి ఆ అవమానం జరగకూడదని ఆయన మఖమల్ కోటుకి భుజాల నుంచి ఛాతీ దాకా అరవై ముళ్లకాయలు కుట్టాను. పైన ఉన్ని శాలువా కప్పితే అంగుళం కదల్లేదు. లాగితే చర్రుమని వచ్చేసింది.

"వాహ్! దీనికి పేటెంటు తీయాలి," అన్నారు నాన్న. నేను నేల మీద నడవడం మానేశాను.

ఇప్పుడు మీరు కాస్త ఆలోచించండి, నేను ఆలోచించలేదు కాబట్టి. ఆఖరి ఘట్టంలో అన్న శాలువా తీసి పడేసి తమ్ముణ్ని కౌగిలించుకోవాలి. శాలువా పోయినా కోటు మీద అరవై కాయలూ నోళ్లు తెరుచుకునే ఉంటాయి. తమ్ముడేమో అడవులు తిరిగొచ్చినవాడు. ఒంటిమీద గొంగళి, బొడ్డు దాకా ఉన్ని గడ్డం. అవి కుట్టిందీ నేనే!

నాటకం రోజు శాలువా దర్జాగా ఊడింది. తెర పక్కనుంచి మాస్టారు "ఊఁ, ఊఁ" అని తరుముతుంటే, ఇద్దరూ వేడి పెనం ముట్టుకున్నట్టు ఒక్క క్షణం ఛాతీలు ఆనించి వెనక్కి జరగబోయారు. జరగలేదు.

"వదులు," అన్నారు నాన్న పళ్లు బిగించి.

"నేనేటి పట్టుకున్నాను? నువ్వే ఒగ్గు," అన్నాడు మామ.

"నా సేతులు పైనున్నాయి, సూడు!"

నిజమే. నాలుగు చేతులూ గాల్లో ఉన్నాయి. కౌగిలి మాత్రం బ్రహ్మాండంగా ఉంది. వాళ్ల నెత్తిమీద వేలాడుతున్న మైకు ఒక్క ముక్క పోకుండా అందరికీ వినిపిస్తోంది.

"ఇదీ రాసుకో, నీ జర్నల్లో!"

"రాస్తాను. అప్పుడూ ఉన్నదే రాసాను."

"ముందు నాకో మాట సెప్పొచ్చు కదరా. కాగితం సూసి తెలుసుకోవాలేటి నేను?" అన్నారు నాన్న.

మామ వెనక్కి గుంజుకోవడం ఆపాడు. "సెబుదామనే వచ్చానురా, మీ గేటు దాకా. సిగ్గేసి ఎలిపోనాను. మూడుసార్లు."

గాల్లో ఉన్న నాన్న చేతులు మెల్లగా దిగి మామ వీపు మీద వాలాయి.

"ఓరెదవా, నాలుగోసారి రాకూడదేటిరా?"

చప్పట్లతో పందిరి ఊగిపోయింది. మాస్టారు ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ, రెండో చేత్తో పుస్తకం తిరగేస్తూ "ఈ డైలాగు నేను రాయలేదే" అని వెతుకుతున్నారు. జనం "వన్స్‌మోర్" అని అరిచారు. వన్స్‌మోర్ ఇవ్వాలంటే ముందు విడిపోవాలి కదండీ!

తెర దించాక అమ్మ కత్తెర పట్టుకొచ్చింది. "ఇంత సదివావు, ఊడదీయడం సెప్పనేదేటి మీ కాలేజీలో?"

"ఆ కాయకి ఊడే పని లేదమ్మా. మేకకి అంటుకుంటే చాలు," అన్నాను బిక్కమొహంతో.

"అచ్ఛా," అన్నాడు మామ, సగం గడ్డం తెగి వేలాడుతుండగా. "ఇంతకీ మేక నేనా, మీ నాన్నా?"

మర్నాడు పొద్దున్నే వెనక వీధి రమణమ్మ పిన్ని వచ్చి చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది. "అమ్మాయ్, ఆ కోటు ఒక్క పూటకి ఇస్తావేటి? మా పెద్దకోడలికి తొడుగుతాను. సిన్నకోడలికి గొంగళి నేనే సూసుకుంటాను."

ఇవ్వలేదు. బాటనీ సాక్షిగా, భూతద్దం మీద చెయ్యి వేసి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ప్రకృతి ఎంత గొప్ప ఉపాయం చూపించినా సరే, దాన్ని ఊడదీయడం ఎలాగో తెలిసేదాకా ఎవరి కన్నతండ్రికీ కుట్టను.