ఉప్పునీళ్ళ ద్రాక్ష

వారమంతా మందుల షాపు కౌంటర్ వెనక నిలబడి, ఆదివారం కూడా బస్సెక్కాలంటే నాకు ప్రాణం మీదికొస్తుంది. ఆ ఆదివారం బోయిగూడ నుంచి యాప్రాల్ చేరడానికి రెండు బస్సులు మారాను. నాలుగు నెలల కింద పెట్టిన వైన్ జాడీ మూత మా బావమరిది ఆ రోజే తీస్తానన్నాడు. నేను లేకుండా తీయనన్నాడు.

అతను పనిచేసే కంపెనీ మూతపడి ఏడాదైంది. అప్పటినుంచి మంచం, ఫోన్, గోడ. ఒకసారి మాటవరసకు లైబ్రరీలో చదివింది చెప్పాను: ఈస్టు, చక్కెర, ఏ మందూ కలపకపోయినా ద్రాక్ష తనంతట తానే పులిసి వైన్ అవుతుందని, పండు మీద బూడిదలా కనిపించే పొరే ఆ పని చేస్తుందని. పదో తరగతితో బడి మానేసిన నాకు చదువంటే ఆ లైబ్రరీయే. వైన్ మీద మూడు పుస్తకాలు చదివి నోట్సు కూడా రాసుకున్నాను. అతను లేచి కూర్చుని విన్నాడు. మర్నాడే నల్లద్రాక్ష తెచ్చి, ఊరగాయ జాడీలో పిసికి, గుడ్డతో వాసెన కట్టాడు. మూత బిగించేదాకా రోజూ గరిటెతో తొక్కలు కిందికి నొక్కేవాడు. "తమ్ముడు మంచం దిగిండు" అని మా ఆవిడ అందరికీ ఫోన్లు చేసింది.

"చెప్పు బావా," అని స్టీలు గ్లాసు నా చేతిలో పెట్టాడు.

నేరేడుపండు రంగు, అంతా మడ్డి. వాసన పులిసిన ఇడ్లీ పిండిది. మడ్డి తప్పు కాదని పుస్తకాల్లో ఉంది. గుటక వేశాను. పులుపు, తర్వాత నాలుకను పట్టేసే వగరు, చివర ఉప్పు.

అతనూ తాగాడు. "ఉప్పగ లేదా బావా?"

నేను అంతవరకు వైన్ నోట పెట్టలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అయినా నోరు ఊరుకోలేదు. "సముద్రం పక్క తోటలల్ల జెర ఉప్పుదనం ఉంటదని రాసిన్రు."

"యాప్రాల్‌ల సముద్రం యాడుంది బావా?"

వంటింటి గుమ్మంలో అతని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనే, అన్నా. తోటలల్ల పండ్లకు మందులు కొడుతరు గదా అని ఉప్పునీళ్ళల్ల నానబెట్టిన. తొడిమెలు తీసినంక."

"కడగద్దని బావ చెప్పలే?" అన్నాడు అతను.

"చెప్పిండు. కడగని పండ్లు నా ఇంట్ల ఎవలను తిననిస్త?"

తొడిమె ఊడిన చోటునుంచి ఉప్పు లోపలికి దిగిందని, పండు మీది పొర కడుక్కుపోయే జాడీ వారం దాకా పొంగలేదని అప్పుడు అర్థమైంది. మా ఇంట్లోనూ ద్రాక్ష ముందు ఉప్పునీళ్ళలోకే పోతుంది. నా నోట్సులో ఆ మాట లేదు.

అతను గ్లాసు కింద పెట్టాడు. చూపు మంచం వైపు పోయింది. "అయితే పాడైనట్టేనా? చదివినోనివి, నువ్వే చెప్పు."

ఇన్నేళ్ళు తెలిసినవాడిలా ఉండి ఉండి అలసిపోయాననిపించింది. "నాకు తెల్వది రా. నేను వైన్ తాగుడు ఇదే మొదలు."

"మూడు పుస్తకాలు చదివినవ్ గద?"

"చదివిన. అంతే."

కాసేపు నా మొహం చూసి, నా గ్లాసు మళ్ళీ నింపాడు. "అయితే ఆ పుస్తకాలు పక్కన పెట్టి తాగు. తాగి చెప్పు."

తాగాను. ఉప్పు వస్తుందని ముందే తెలుసు కాబట్టి, ఈసారి దాని వెనక ద్రాక్ష తగిలింది.

"పాడు గాలే," అన్నాను. "ఉప్పు లేకుంటే మంచిగుండేది."

అతను తన గ్లాసు మళ్ళీ అందుకుని ఖాళీ చేశాడు. తర్వాత గోడనడిగినట్టు అడిగాడు. "నల్లద్రాక్ష మళ్ళ ఎప్పుడొస్తది?"

"శివరాత్రికి," వంటింట్లోంచి ఆమె అంది. "ఈసారి తొడిమెలు గూడ నువ్వే తీస్కో. నేను ముట్ట."