సారు చిటికె

జనగామలో పోటీ పరీక్షలకు మాకు ఇంగ్లీషు చెప్పిన సారు, వాక్యంలో తప్పు దొరికితే చిటికె వేసేవాడు. కర్తకు క్రియ కుదరకపోయినా, విశేషణం చోటు తప్పినా అదే చిటికె. ఆ చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది.

ఒకరోజు బయ్యారం దగ్గరి తండా అమ్మాయి ఫోన్ పట్టుకుని లేచింది. సెలవైనా ఇంగ్లీషులోనే అడగాలన్నది ఆయన నియమం.

"సర్, మై ఫాదర్ ఆర్ సీరియస్."

చిటికె వేశాడు. "తప్పు యాడుంది? ఎవలు చెప్తరు?"

"బాపు దవాఖానల ఉన్నడు సార్. జర పోనియ్యండి, రైలు ఎల్లిపోతది."

"సరిగ్గ చెప్పి పో."

ఏడుస్తూనే సరిగ్గా చెప్పింది. అప్పటికే రైలు వెళ్లిపోయింది. ఆమె దవాఖానకు చేరేసరికి తండ్రి ప్రాణం పోయింది.

తరువాతి వారం సారు మాకు పరీక్ష పెట్టాడు. మొదటి ప్రశ్నగా ఆమె వాక్యమే ఇచ్చి, తప్పు గుర్తించమన్నాడు.