మూడు జవాబులూ వచ్చాకే

మా కొండ ఊళ్ళో రాయి పేలాలంటే ముందు మా పిన్ని గొంతు లేవాలి.

క్వారీ ఊరి నడుమే ఉంది. పూర్వం కొండ తొలిచి రోడ్డు వేసినప్పుడు పైవాళ్ళూ, లోయవాళ్ళూ కూలికొచ్చి ఎవరి వాలులో వాళ్ళు ఇళ్ళు కట్టుకున్నారు. ఎవరి భాష వాళ్ళదే, బజారుది మరొకటి. బండలో మందు కూరాక పిన్ని మూడు భాషల్లోనూ కేకేస్తుంది. మూడు వైపులా ఒక్కొక్కరు తమ దారి చూసి "ఖాళీ" అని అరవాలి. అప్పుడే ఆవిడ ఎర్రగుడ్డ దించుతుంది, మేస్త్రీ ఒత్తి వెలిగిస్తాడు.

పైనుంచి జవాబిచ్చేది మా అమ్మ. చెల్లెలు లోయవాణ్ణి పెళ్ళాడిందని మాటలు మానేసింది. లోయ భాష తన గడప తొక్కకూడదంది. అక్కచెల్లెళ్ళకు మిగిలింది ఆ ఒక్క "ఖాళీ"యే. మొండితనంలో అమ్మ ముందు కొండ కూడా దిగదుడుపే.

ఆ పొద్దున బాబాయి మొదటిసారి రాజీకని పైకి వెళ్ళాడు. మబ్బు కమ్ముకొచ్చింది. బజారు, లోయ జవాబిచ్చాయి. పైనుంచి ఉలుకూ పలుకూ లేదు. పిన్ని మళ్ళీ కేకేసింది. పక్కనే రాళ్ళు కొడుతున్న నేను సుత్తి ఆపేశాను.

"మీ ఆయన్ని చూసి అలిగుంటుందిలే. వానొస్తే మందు తడుస్తుంది" అన్నాడు మేస్త్రీ.

"మా అక్క అలిగితే అన్నం మానేస్తుంది గానీ జవాబు మానదు."

మేస్త్రీ అగ్గిపెట్టె తీశాడు. పిన్ని వెళ్ళి మందు కూరిన బండ మీదే కూర్చుంది.

"వెలిగించు మరి."

అబద్ధమెందుకు, మేస్త్రీని సుత్తితో మొత్తాలనిపించింది.

అప్పుడు వినిపించింది పైనుంచి, లోయ భాషలో, అమ్మ గొంతు.

"మరిదీ! ఆగు! వెనక్కి రా!"

అమ్మ గుమ్మంలోంచే తరిమేస్తే బాబాయి వచ్చిన దారి వదిలి వేరే దారిన తిరుగుముఖం పట్టాడట. పిన్ని కేక విని, మలుపు దాటేస్తే చాలనుకుని పరుగెత్తాడు. ఆ మలుపు సరిగ్గా క్వారీ నెత్తి మీదికే వస్తుందని ఆయనకేం తెలుసు? అమ్మ మా భాషలో అరుస్తూ వెంటపడితే, అర్థంకాక ఇంకా తిడుతోందనుకుని వెనక్కి చూడలేదు. తన భాష ఆమె నోట వినగానే కాళ్ళు ఆగిపోయాయి.

కాసేపటికి అమ్మ మళ్ళీ అరిచింది, ఈసారి మా భాషలో.

"మరిది మా ఇంట్లో ఉన్నాడు. దారి ఖాళీ, చెల్లీ!"

పిన్ని గుడ్డ దించలేదు. దాంతోనే ముఖం కప్పుకుని ఏడుస్తోంది. వాన మొదలైంది, మందు తడిసింది. మేస్త్రీ అగ్గిపెట్టె జేబులో పెట్టుకున్నాడు.