కొత్త ముఖం పెట్టిన కంప్యూటర్

“రాకపోతే రాదని చెప్పు హొన్నమ్మా. పొద్దున్నుంచి ఆడ నొక్కి ఈడ నొక్కి నన్ను ఎండబెడతాండావు.”

“రాక కాదు మామా. మిషనే మొండికేసినాది.”

కన్నడ సీమలోని మా నిడుగల్లులో హొన్నమ్మక్క జెరాక్స్ అంగడి బయటికే ఈ మాటలు వినిపించాయి. చిక్కన్న సోలార్ పార్కులో కాపలా పనికి అర్జీ కొట్టించుకుంటున్నాడు. సాయంత్రం లోపల ఇవ్వకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. కన్నడలో అర్జీ కొట్టడం అయిపోయింది, ప్రింటే రావడం లేదు. పదేళ్లుగా ఊరి అర్జీలన్నీ కొట్టిన మనిషి, తెర ముందు దారి తప్పినట్టు కూర్చుంది.

తప్పు నాది. కాలేజీ సగంలో వదిలేసినవాణ్ణి, ఒక చోట నిలవలేను. ఊళ్లో నాకున్న పేరు ఒకటే, కంప్యూటర్ తెలిసినవాడని. పాత సిస్టమ్ మార్చుకోమని తెరమీద రోజూ హెచ్చరిక వస్తుంటే చూడలేక, నిన్న ఆమె అడక్కుండానే కొత్తది ఎక్కించాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

పక్క ఊరు మంగళవాడ దాకా ఈ సంగతి చెబుతానని బెదిరించి, చిక్కన్న టీకి పోయాడు. నేను లోపలికెళ్లి, ప్రింట్ అని అక్కడే రాసుంది కదక్కా, చదివి నొక్కొచ్చు కదా అన్నాను.

ఆమె తల ఎత్తలేదు.

“ఇంగ్లీషు నాకు రాదు నందీశా. ఒక్క అక్షరం కూడా.”

నేను నమ్మలేదు. ఆమె చెప్పుకుంటూ పోయింది. నాన్న గొర్రెలు కాసేవాడట. కన్నడ బడిలో ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. తర్వాత పావగడలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో కసువు ఊడుస్తూ, పిల్లల భుజాల మీదుగా చూసి నేర్చుకుంది. ఎడమ మూల నొక్కాలి, అక్కడి నుంచి మూడోది, ఆ తర్వాత పచ్చ బొమ్మ. అన్నీ చోట్లు, రంగులే.

“మందలో గొర్రెకి పేరు రాసి పెట్టుకుంటామా? మొగం చూసి పట్టుకుంటాం. నువ్వు ఒక్క పూటలో మొగాలన్నీ మార్చేసినావు.”

మౌస్ లాక్కుని, తెర నడుమకు పోయిన గుర్తుల్ని ఎడమ మూలకు జరిపాను. కొన్ని వచ్చాయి. కొన్నింటి రూపమే మారిపోయింది, అవి నా చేతిలో లేవు. పాతది మళ్లీ ఎక్కించాలంటే పూటంతా పడుతుంది. నాకు ఒళ్లు మండుతోంది, ఎవరి మీదో తెలియదు.

చిక్కన్న రోడ్డు దాటి వస్తున్నాడు. ఆమె కుర్చీ నాకు వదిలి లేచి, గొంతు తగ్గించింది.

“ప్రింట్ నువ్వు తియ్యి. మిషన్ చెడగొట్టింది నువ్వేనని ఆ మామకి నీ నోటితోనే చెప్పు. నాకు ఇంగ్లీషు రాదని మాత్రం యాడా అనొద్దప్పా.”