అన్నం మెతుకులతో అతికించిన పుటలు

మొన్న ఆసుపత్రిలో చీటీ రాసే అమ్మాయి ఎంతవరకు చదువుకున్నారని అడిగింది. ఏడో తరగతి వాకిలి దాకా అన్నాను. లోపలికి అడుగు పెట్టేలోపు మా సారే తలుపు వేసేసుకున్నాడు. ఆమె నవ్వలేదు. అలాంటి నేను ఎనభైల్లో తమిళనాడు ధర్మపురిలో పాఠం కూడా చెప్పానంటే ఏమనేదో.

మా వీధిలో అందరిదీ ఇంట్లో తెలుగే, బడి చదువు మాత్రం తమిళం. తెలుగు అక్షరం గుర్తుపట్టేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మా తాత బెత్తం పట్టుకుని నేర్పాడు గనుక నాకు వచ్చు. ఆదివారాలు అరుగు మీద పిల్లలకు తెలుగు చెప్పే పెద్దాయన జబ్బుపడితే, పాలకోడు మండీలో టమోటా ఏలంపాట పాడే నన్ను ఆయన చోట కూర్చోబెట్టారు. ఆయన సగంలో ఆపింది ఒక పిల్లల నవల. తల్లి లేని పిల్ల వేరేవాళ్ళ ఇంట్లో పెరిగే కథ. గొంతులు మార్చి మార్చి చదివితే పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు.

ఒక శనివారం సాయంత్రం మర్నాటి భాగం చూసుకున్నాను. కన్నతండ్రి వస్తాడు, పిల్ల గుడ్డలు మూటకట్టుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోతుంది. పుస్తకం టక్కున మూసేశాను. ముందు వరసలో కూర్చునే మా పాపకు తొమ్మిదేళ్ళు. నా భార్య చెల్లెలి కూతురు. తల్లి కాన్పులో పోతే పొత్తిగుడ్డల్లో తెచ్చుకున్నాం. తండ్రి తీర్థమలైలో కొబ్బరికాయల అంగడి పెట్టి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. మేం కన్నవాళ్ళం కామని ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాం. పాప అవ్వకు కూడా నోరు మెదపొద్దని చెప్పాం. ఆ రెండు పుటలనూ అన్నం మెతుకులతో ఒకదానికొకటి అంటించేశాను. పాప ఇంకా గుణింతాల్లోనే ఉందనుకున్నాను.

మర్నాడు ఆ పుటలు దాటేసి, పిల్ల బస్సెక్కి తిరునాళ్ళకు పోతోందని అల్లాను. పక్కింటి పిల్లవాడు పట్టుకున్నాడు. "ఏం మామా, ఇప్పుడే గదా వంటింట్లో ఉండె, బస్సులోకి ఎట్ల పోయె?"

"టికెట్ తీసుకునే పోయింది లేరా."

అందరూ నవ్వారు. పాప నవ్వలేదు. నన్నే చూస్తోంది. గబగబా పుట తిప్పేశాను.

మధ్యాహ్నం చూస్తే పాప లేదు, పుస్తకం లేదు, వాకిట్లో చెప్పులూ లేవు. బస్టాండుకు పరుగెత్తాను. తీర్థమలై బస్సు బయలుదేరుతోంది. దాని వెంటే పోతూ కిటికీ కిటికీలోకి తొంగిచూశాను. మండీ అంతా మార్మోగే గొంతు నాది. కండక్టరును 'ఆపయ్యా' అనడానికి కూడా పెగల్లేదు. బస్సు మలుపు తిరిగిపోయింది. ఇంటికి ఎలా వచ్చానో తెలియదు.

మిద్దె మీద ఉంది పాప. ఎండకు కాళ్ళు కాలకుండా చెప్పులు వేసుకుని, నీళ్ళతో తడిపి విడదీసిన పుటల మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటోంది.

వెళ్ళి పక్కన కూర్చున్నాను. "ఆ పిల్ల మాదిరి నువ్వూ పోతావా పాపా?" అన్నాను. తొమ్మిదేళ్ళుగా దాచింది బయటికి రావడానికి ఒక్క ఊపిరి పట్టింది.

పాప పుట మీద నుంచి వేలు తీయలేదు.

"అవ్వ నాకు పోయినేడే చెప్పినాది నాయనా. నీకు తెలిస్తే భయపడతావని నేనే చెప్పకుండా ఉంటిని."